నంబరు లేని స్లైడు

మే నెలలో విశాఖపట్నం ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. స్నానం చేసి తువ్వాలు ఆరేసేలోపే జాకెట్టు మళ్లీ వీపుకి అతుక్కుంటుంది. మూడేళ్ల కింద ఆ ఉక్కపోతలోనే నాకొక అలవాటు పట్టుకుంది. స్నానం చివర్లో మగ్గుడు నీళ్లలో ఒక మూత యాంటీసెప్టిక్ లోషన్ కలిపి కింద కడుక్కోవడం. ఎవరూ చెప్పలేదు, నాకే తోచింది. నీళ్లు పాలలా తెల్లబడేవి, ఆసుపత్రి వాసన వచ్చేది, కాస్త చురుక్కుమనేది. చురుక్కుమంటోంది కాబట్టి పని చేస్తోందనుకునేదాన్ని. కొన్నాళ్లకి మందుల షాపులో గులాబీ రంగు సీసా ఒకటి కనపడింది, ఆడవాళ్లకి ప్రత్యేకమట. అదీ తెచ్చాను.

సిగ్గుపడాల్సిన ముక్క ఇప్పుడు చెప్తాను. నేను ల్యాబ్ టెక్నీషియన్ని. కేజీహెచ్‌కి, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రికి కూతవేటు దూరంలో, మహారాణిపేట సందుల్లో ఉన్న బోలెడు ల్యాబుల్లో ఒక చిన్నదాంట్లో ఇరవై ఏళ్లుగా మైక్రోస్కోపు ముందు కూర్చుంటున్నాను. తెల్లబట్టతో వచ్చే ఆడవాళ్ల స్వాబులు రోజుకి నాలుగైనా చూస్తాను. అలాంటిదాన్ని నాకే తెల్లబట్ట మొదలైతే ఏం చేశాను? అత్తయ్య "వేడి చేసిందమ్మా" అంటే సబ్జా గింజలు నానబెట్టుకు తాగాను. బార్లీ కాచుకున్నాను. మెంతులు మింగాను. మన ఇళ్లల్లో నోటి పూత దగ్గర్నుంచి మొటిమల దాకా అన్నిటికీ వేడే కారణం, ఇది మాత్రం మినహాయింపా! వాసన ఎక్కువైన కొద్దీ లోషన్ ఒక మూత కాస్తా రెండు మూతలైంది.

నిరుడు ఒక శనివారం సాయంత్రం అందరూ వెళ్లిపోయాక ల్యాబ్ బాత్రూంలో నా స్వాబు నేనే తీసుకున్నాను.

ముందు పులుపు చూసే పీహెచ్ కాగితం, అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు నాలుగున్నర దాటకూడదు, నాది ఐదు దాటింది. తర్వాత గాజు పలక మీద ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గుప్పుమని చేపల వాసన. ఇది పోలిక కోసం అంటున్న మాట కాదు. హార్బర్‌లో నిలవ చేప నుంచి వచ్చేదీ, ఈ స్లైడు నుంచి వచ్చేదీ ట్రైమిథైలమైన్ అనే ఒకే పదార్థం. ఇక సెలైన్ చుక్కలో కలిపి లెన్సు కింద పెడితే క్లూ సెల్స్. పల్చటి చర్మకణం మీద బాక్టీరియా కిక్కిరిసి, అంచు కనపడకుండా కప్పేసి ఉంటుంది. నువ్వులద్దిన అరిసె అనుకోండి. బాక్టీరియాకి రంగులద్దే గ్రామ్ స్టెయిన్ కూడా వేశాను. ఊదారంగు సన్నపుల్లల్లా కనపడాల్సిన లాక్టోబాసిల్లై అనే మంచి బాక్టీరియా ఒక్కటి లేదు, అంతా ఎర్రటి ఇసుక. స్లైడులో ఏ బాక్టీరియా ఎంతుందో చూసి వేసే న్యూజెంట్ స్కోరు పదికి ఎనిమిది. ఏడూ ఆపైన ఉంటే బాక్టీరియల్ వజైనోసిస్ అని, అంటే యోనిలో మంచి బాక్టీరియా పోయి వేరేవి పెరిగిపోయాయని మేమే రిపోర్టు రాస్తాం.

సోమవారం మా ఓనర్ రంగుల ట్రే దగ్గర ఆ స్లైడు చూసి "నంబరు లేదేంటమ్మా, ఎవరిదిది?" అన్నారు. "ప్రాక్టీసుకి చేశాను సార్" అన్నాను. ఇరవై ఏళ్ల సర్వీసున్నదాన్ని ప్రాక్టీసేమిటని ఆయనా అడగలేదు.

లాక్టోబాసిల్లై అంటే పెరుగు తోడుకి దగ్గరి చుట్టాలు. గిన్నెలో తోడు బాగా పడితే పాలల్లో ఇంకో పురుగు బతకదు, పులుపే కాపలా కాస్తుంది. ఆ కింద కూడా అంతే. లాక్టిక్ ఆసిడ్ పులుపుతో ఆ చోటుని అవే కాపాడుకుంటాయి. నేను రోజూ మగ్గుతో పోసింది ఆ తోడు మీద. (అలాగని పెరుగు తెచ్చి పూసుకోకండి. చుట్టాలే అన్నాను, వాళ్లే వీళ్లు కారు.) చూపించుకున్న డాక్టర్ మేడమ్ రెండే మాటలు చెప్పింది: "కడగడం ఆపు. నీళ్లు చాలు, అదీ బయట మాత్రమే." ఏడు రోజులు మెట్రోనిడజోల్ మాత్రలు. నోరంతా ఇనుప ముక్క చప్పరించినట్టు ఉండేది. వారానికల్లా తగ్గింది.

ఇక్కడితో అయిపోతే ఈ పోస్టు రాసేదాన్ని కాదు.

మా వీధిలో చేపలు తెచ్చే ఆవిడ ఉంది. పేరు రాయను, రాయొద్దంది కూడా. నేను అప్పా అంటాను, ఆవిడ నన్ను డాక్టరమ్మ అంటుంది, ఎన్నిసార్లు కాదన్నా వినదు. ఒకరోజు వంజరాలు కోసి ఇచ్చి, గంప ఎత్తుకోకుండా అరుగు మీద కూర్చుంది.

"డాక్టరమ్మా, పుట్టి బుద్ధెరిగినకాణ్నించి సేపల్లోనే ఉన్నాను. సేపల వాసన నాకు తెలీదేటి? కానీ ఇది నా సేపల వాసన కాదమ్మా."

చీర కుచ్చెళ్ల వైపు చూపించింది. అప్పటికే ఏదో క్లినిక్‌కి వెళ్లిందట. వాళ్లు చీటీలో ఏవో రాసి మా ల్యాబు పక్కదానికే పంపారు. రిపోర్టు చేతికొచ్చాక తెలిసింది, అందులో హెచ్‌ఐవీ పరీక్ష కూడా ఉందని. నెగెటివే. కానీ ఆవిడ ఒళ్లంతా మండిపోతోంది. "నానేటి తప్పు సేసేనని ఆ రోగానికి పరీచ్చ సేత్తారు? తెల్లబట్టకీ దానికీ ఏటి సంబంధం?"

మొదటి ప్రశ్నకి నా దగ్గర జవాబుంది. చెప్పకుండా చేయడం తప్పే. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మనిషికి చెప్పి, ఒప్పుకున్నాకే ఆ పరీక్ష చేయాలి, ఫలితం గుట్టుగా ఉంచాలి. ఆ క్లినిక్‌ వాళ్లకి ఇది తెలియదనుకోను, తీరిక లేదంతే. రెండో ప్రశ్నకి మాత్రం నీళ్లు నమిలాను. సంబంధం ఉందని తెలుసు. ఎలాగో అరుగు మీద కూర్చుని ఐదు నిమిషాల్లో చెప్పేంత తెలియదు. ఆ రాత్రి నుంచి రెండు వారాలు చదివాను.

చదువుతుంటే అమ్మ పొట్టు పొయ్యి గుర్తొచ్చింది. కంచరపాలెంలో ఉండేటప్పుడు మా ఇంట్లో నీళ్లు కాచేది దాని మీదే. రేకు డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు దట్టించి, సీసా మెల్లగా పైకి లాగేసి అంటించేది. మంట పైకి కనపడదు, పొగా అంతగా ఉండదు. ఆరిపోయిందనుకుని ఒకసారి డబ్బా పక్కన చెయ్యి వేశాను, వేలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. ఇంగ్లీషులో ఇన్‌ఫ్లమేషన్ అనే మాటకి పుస్తకాల్లో శోథ అని రాస్తారు, బయట ఎవరూ అనరు. మనం మంట, వాపు అంటాం. అయితే మంట అనగానే మండాలి కదా అనుకుంటాం. ఈ మంట చాలామందిలో పొట్టు పొయ్యే.

ఆ మంటకీ హెచ్‌ఐవీకీ లంకె ఇది. హెచ్‌ఐవీకి మన ఒంట్లో అన్ని కణాలూ పనికిరావు. ముఖ్యంగా సీడీ4 అనే తెల్లకణాలు కావాలి, వాటి మీద సీసీఆర్5 అనే ఇంకో పట్టు కూడా దొరకాలి. యోని గోడ నెమ్మదిగా ఉన్నప్పుడు దాని పైపొరలు చాప మీద చాప పరిచినట్టుంటాయి, ఆ కణాలూ తక్కువే. ఎక్కడైనా మంట రేగితే ఒళ్లు సైటోకైన్లు, కీమోకైన్లు అనే రసాయనాలు వదిలి తెల్లకణాలని కేకేస్తుంది. పరిగెత్తుకొచ్చేవాటిలో ఈ సీడీ4 కణాలే బోలెడు. దానికితోడు పొరల మధ్య అతుకులు వదులవుతాయి. దొంగ వస్తాడని పోలీసులని పిలిస్తే, ఆ దొంగ కాపురం పెట్టేది పోలీసు ఇంట్లోనే అయితే ఎలా ఉంటుంది? అదీ సంగతి.

ఊరికే లాబొరేటరీలో ఊహించి చెప్పిన మాటలు కావివి. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో కాప్రిసా అనే పరిశోధన సంస్థ ఉంది. వాళ్లు టెనోఫోవిర్ అనే మందుని జెల్‌గా చేసి 889 మంది ఆడవాళ్ల మీద పరీక్షించి 2010లో ఫలితం చెప్పారు. జెల్ వాడినవాళ్లలో హెచ్‌ఐవీ 39 శాతం తగ్గింది. అప్పుడు అందరూ సంబరపడ్డారు. దాచి ఉంచిన నమూనాలని తర్వాత మళ్లీ తీసి చూశారు. వైరస్ సోకిన 58 మందివీ, సోకని 58 మందివీ పక్కపక్కన పెట్టారు. సోకకముందు తీసిన నమూనాల్లోనే మంట పుట్టించే రసాయనాలు ఎక్కువగా ఉన్న ఆడవాళ్లకి హెచ్‌ఐవీ ముప్పు సుమారు మూడు రెట్లు కనపడింది. ఇది 2015లో వచ్చింది. 2018లో వచ్చినది చదివి నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. మంట లేని ఆడవాళ్లలో ఆ జెల్ 57 శాతం కాపాడింది. మంట ఉన్నవాళ్లలో 3 శాతం. మందు అదే, వాడే పద్ధతీ అదే, పడిన నేల వేరు.

మరి ఆ మంట ఎవరికి ఉందో ఎలా తెలుస్తుంది? ఇక్కడే నా వృత్తి నన్ను వెక్కిరించింది. వాళ్లే 2012లో ఇంకో లెక్క చెప్పారు. పరీక్షలో సుఖవ్యాధి బయటపడిన ఆడవాళ్లలో డిశ్చార్జ్ కనపడింది వందకి పన్నెండు మందిలోనే. మిగతావాళ్లు ఏ ఇబ్బందీ లేదని ఇంట్లో కూర్చునే రకం. మేం రిపోర్టులో "పస్ సెల్స్ 1-2" అని రాసేసి పంపిస్తాం కదా, అదీ నమ్మడానికి లేదు. బాక్టీరియల్ వజైనోసిస్‌లో చీముకణాలు పెద్దగా కనపడవు, కానీ మంట రసాయనాలు పెరిగే ఉంటాయి. నా స్లైడులోనూ చీముకణాలు రెండే. ఇరవై ఏళ్లలో ఎంతమందికి "ఏం లేదమ్మా" అని కౌంటర్ దగ్గర చెప్పానో లెక్కపెట్టడం మొదలుపెట్టి ఆపేశాను.

నా లోషన్ కథకి అన్నగారు లాంటిది ఇంకొకటి ఉంది. నొనాక్సినాల్-9 అని, వీర్యకణాలని చంపే మందు. హెచ్‌ఐవీని కూడా చంపుతుందని గాజు గొట్టాల్లో చూసి, బెనిన్, ఐవరీ కోస్ట్, దక్షిణాఫ్రికా, థాయ్‌లాండ్‌లలో సెక్స్ వర్కర్లకి జెల్‌గా ఇచ్చి పరీక్షించారు. 2002లో ఫలితం వచ్చేసరికి తలకిందులైంది. ఆ జెల్ మాటిమాటికీ వాడినవాళ్లకే హెచ్‌ఐవీ ఎక్కువ సోకింది. వైరస్‌ని చంపాల్సిన మందు పైపొరని కూడా తినేసింది. చురుక్కుమంటే పని చేస్తోందనుకున్న నా తెలివితేటలు గుర్తొచ్చాయి.

భయపెట్టడానికి రాయట్లేదు, కాబట్టి ఇంకో వైపు కూడా చెప్పాలి. తెల్లబట్ట హెచ్‌ఐవీని పుట్టించదు. ఆ వైరస్ ఉన్న మనిషి నుంచి రావాల్సిందే. హెచ్‌ఐవీ ఉండి మందులు వాడని మగాడితో ఒకసారి కలిస్తే ఆడమనిషికి సోకే అవకాశం సగటున పదివేలకి ఎనిమిది. మంట, పుండ్లు, అవతలివాళ్ల రక్తంలో వైరస్ జోరు ఆ లెక్కని పైకి లాగుతాయి. అదే అతను మందులు సరిగ్గా వేసుకుని, రక్తపరీక్షలో వైరస్ కనపడనంత తగ్గి ఉంటే కలయిక వల్ల సోకదు. అసలు నెలసరి మధ్యలో గుడ్డు తెల్లసొనలా సాగే తెలుపు రోగమే కాదు. వాసన, దురద, పచ్చదనం, పెరుగు ముక్కల్లా పడటం, పొత్తికడుపు నొప్పి, పుండు, ఇవి ఉంటే చూపించుకోవాలి.

ఇన్‌ఫెక్షన్‌కి మందులేస్తే హెచ్‌ఐవీ ముప్పు తగ్గిపోతుందా అంటే, అంత సులువుగా అవునని చెప్పలేం. టాంజానియాలోని మ్వాంజాలో ఊరూరా సుఖవ్యాధుల వైద్యం బాగుచేస్తే కొత్త హెచ్‌ఐవీ కేసులు సుమారు 40 శాతం తగ్గాయని 1995లో తేలింది. నాలుగేళ్లకి ఉగాండాలోని రకాయ్‌లో ఊరందరికీ మాత్రలు మింగిస్తే తేడా ఏమీ రాలేదు. అందుకని కండోమ్ పక్కన పెట్టి మాత్ర మింగితే చాలనుకోకూడదు. మంటని మంట కోసమే తగ్గించుకోవాలి. ఆ వాసనతో, ఆ దురదతో బతకడం ఏం బతుకు!

అప్పకి ఇదంతా చెప్పలేదు. పొట్టు పొయ్యి, పోలీసుల కథ మాత్రం చెప్పాను. పొయ్యి వెంటనే పట్టేసింది, వాళ్లింట్లోనూ ఉండేదట. "అయితే కుదురుగా కాలిపోతన్నానన్నమాట" అని నవ్వింది. ప్రభుత్వాసుపత్రిలో సురక్ష క్లినిక్ బోర్డున్న గది గురించి చెప్పాను. సుఖవ్యాధులు అనే బోర్డు చూసి అడుగు వెనక్కి వేస్తుందని తెలుసు, అందుకే నేనే తోడు వెళ్లాను. అక్కడ మందులు రంగు పేకెట్లలో ఉంటాయి. చెప్పిన లక్షణాన్ని బట్టి రంగు. తెల్లబట్టకి ఆకుపచ్చ పేకెట్టు, అందులో సెక్నిడజోల్, ఫ్లుకొనజోల్ ఉంటాయి. పొత్తికడుపు నొప్పికి పసుపు, హెర్పిస్ పుండ్లకి ఎరుపు. డబ్బులు తీసుకోరు. అప్ప పచ్చ పేకెట్టు రొంటిన దోపుకుని "రేషన్ కార్డు అడగలేదేటి?" అంది. ఎవరికైనా అడగడానికి మొహమాటమైతే 1097కి ఫోన్ చేయొచ్చు, అదీ ఉచితమే. ఈశాన్యంలో మూడు నాలుగు రాష్ట్రాలని పక్కన పెడితే దేశంలో జనాభా లెక్కన హెచ్‌ఐవీ ఎక్కువున్నది మన ఆంధ్రాలోనే. మన దగ్గర ఈ మొహమాటం ఖరీదైన వ్యవహారం.

ఇక నా సంగతి. నాలుగు నెలలకి నాకు మళ్లీ వచ్చింది. లోషన్ మానేశాను, గులాబీ సీసా చెత్తలో పడింది, అయినా వచ్చింది. మేడమ్ ఈసారి "మీవారిని కూడా తీసుకురా" అంది. 2025 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆస్ట్రేలియావాళ్ల పరిశోధన వచ్చింది. 164 జంటల్లో సగం మందిలో భార్యకి మాత్రమే మందిచ్చారు, మిగతా సగంలో మొగుడికీ ఇచ్చారు. భార్యకే ఇచ్చినచోట పన్నెండు వారాల్లో వందకి 63 మందికి తిరగబెట్టింది. ఇద్దరికీ ఇచ్చినచోట 35 మందికి. ఆ బాక్టీరియా మగవాళ్ల దగ్గర చప్పుడు చేయకుండా కూర్చుని మళ్లీ వస్తోందన్నమాట. తరతరాలుగా ఇది ఆడదాని శుభ్రానికి సంబంధించిన సంగతని అనుకున్నాం, నాతో సహా.

మా ఆయన స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. రాత్రి షిఫ్టు నుంచి వచ్చి ఇడ్లీ తింటుండగా చెప్పాను.

"నాకేం లేదు కదే!"

"నాకు మళ్లీ వచ్చింది కదండీ."

"అయితే మాత్రలా?"

"మాత్రలు పొద్దున, రాత్రి. క్రీమ్ కూడా రెండు పూటలా. ఏడు రోజులు."

క్రీమ్ ఎక్కడో చెప్పాక ఇడ్లీ పక్కన పెట్టేశారు. కాసేపటికి ఇంకో సందేహం వచ్చింది, ఆదివారం బీరు మాటేమిటని. ఆ మాత్రలతో కుదరదన్నాను. "మందు వేసుకోవాలంటే మందు మానాలన్నమాట" అని గొణుక్కుంటూ పడుకోవడానికి వెళ్లారు. వేసుకున్నారు మాత్రం. క్రీమ్ ట్యూబు షేవింగ్ బ్రష్ వెనకాల దాచేవారు, అత్తయ్య కంటపడకుండా. మూడో రోజు ఆవిడే అడిగింది, "వాడికేమైనా వేడి చేసిందా?" అని.

అప్ప మొన్న వంజరం ధర తగ్గించలేదు. బాగానే ఉందని దాన్నిబట్టే తెలిసింది.

మూడు నెలలాగి గురువారం మధ్యాహ్నం, ల్యాబు నిండా జనం ఉండగానే నా స్లైడు వేశాను. క్రిస్టల్ వయొలెట్, అయోడిన్, అసిటోన్, సాఫ్రానిన్, నీళ్లు. ఆరబెట్టి ఆయిల్ చుక్క వేసి లెన్సు దించాను. ఊదారంగు పుల్లలు. విరిచి పోసిన అగరబత్తుల్లా నిండా ఉన్నాయి. అలా ఎంతసేపు చూశానో, వెనక ఓనర్ వచ్చి నిలబడ్డ సంగతి తెలియలేదు.

"ఈ స్లైడు ఎవరిదమ్మా? నంబరు లేదు."

"నాదే సార్."

కళ్లజోడు సర్దుకుని కాసేపు ట్రే వైపు చూశారు.

"నార్మలేనా?"

"నార్మలే సార్. స్కోరు రెండు."

"అయితే రిజిస్టర్‌లో ఎక్కించు. స్టాఫ్‌కి సగం రేటు."